ఆటగాని అంచనా

పాఠ్యభాగ వివరాలు

ప్రక్రియ : ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. ఒక విషయాన్ని క్రమబద్ధంగా, సహేతుకంగా, ఉదాహరణలతో వివరించే గద్యరచనను వ్యాసం అంటారు. ప్రస్తుత పాఠం విమర్శనాత్మక వ్యాసం.

ఉద్దేశం : తక్కువ అవకాశం లభించిన వ్యక్తి శక్తిసామర్థ్యాలను అంచనా వేసేటప్పుడు పాటించవలసిన నియమాలను తెలియజేయడం, అభిమానానికీ వివేచనకూ గల భేదాన్ని గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం : జట్టులో స్థానం ఉన్నా మైదానంలోకి దిగే అవకాశం అరుదుగా లభించే ఆటగాళ్లు ప్రతి క్రీడలోనూ ఉంటారు. అటువంటి ఆటగాడు ఒక జట్టును విడిచి మరొక జట్టులో చేరినప్పుడు అభిమానులు అతని గుణదోషాలను చర్చిస్తారు. ఆ చర్చ న్యాయంగా సాగాలంటే ఏమి గమనించాలో ఈ పాఠంలో తెలుసుకుంటాం.

పాఠం

బాస్కెట్‌బాల్ ఆటలో ఒక్కొక్క పక్షాన ఐదుగురు ఆడతారు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో 1891లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు, చలికాలంలో విద్యార్థులు భవనం లోపలే ఆడుకోవడానికి వీలుగా ఈ ఆటను రూపొందించాడు. ఐదుగురిలో సాధారణంగా అందరికంటె పొడవైనవాడు బుట్టకు దగ్గరగా నిలుస్తాడు. అతనిని ‘సెంటర్’ అంటారు. ఎదుటివారు విసిరిన బంతి బుట్టను చేరకుండా అడ్డుకోవడం, గురితప్పి వెనుకకు వచ్చిన బంతిని ఎగిరి అందుకోవడం, తనవారికి దారి ఏర్పడేటట్లు ప్రత్యర్థికి అడ్డుగా నిలవడం అతని ముఖ్యమైన పనులు. గురితప్పిన బంతిని అందుకోవడాన్ని ‘రీబౌండ్’ అని వ్యవహరిస్తారు.

అమెరికా కళాశాలల పురుషుల పోటీలలో ఆట 40 నిమిషాలు సాగుతుంది. ఐదు ఫౌళ్లు చేసిన ఆటగాడు ఆ పోటీ నుంచి తప్పుకోవాలి. బుట్ట దగ్గర పెనుగులాట ఎక్కువ కాబట్టి సెంటర్‌కు ఈ ప్రమాదం కూడా ఎక్కువే. అతడు అలసినా, గాయపడినా, ఫౌళ్లు పెరిగినా ఆ స్థానంలోకి రావడానికి మరొకడు సిద్ధంగా ఉండాలి. అతడే ప్రత్యామ్నాయ సెంటర్. అతని పేరు జట్టు జాబితాలో ఉంటుంది. సాధనలో అందరితో సమానంగా చెమటోడుస్తాడు. ఆడే నిమిషాలు మాత్రం స్వల్పం. మిగిలిన కాలమంతా బెంచీ మీద కూర్చొని పిలుపు కోసం ఎదురుచూడటమే అతని వంతు.

అటువంటి ఆటగాడు కొంతకాలానికి మరొక కళాశాలకు మారాలని నిశ్చయించుకోవచ్చు. పూర్వం అక్కడ అలా మారిన బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు సాధారణంగా ఒక సంవత్సరం పోటీలకు దూరంగా ఉండవలసి వచ్చేది. 2018 అక్టోబరులో కళాశాలల క్రీడాసంఘం మారదలచినవారి పేర్ల నమోదుకు ప్రత్యేకమైన ఏర్పాటు చేసింది. 2021లో, మొదటిసారి మారేవారు ఆ సంవత్సరకాలపు నిరీక్షణ లేకుండా వెంటనే ఆడవచ్చునని నియమాన్ని సడలించింది. చదువులో తగిన ప్రగతి ఉన్నవారు ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చునని 2024లో మరింత వెసులుబాటు కల్పించింది. దీనితో ప్రతి వసంతంలోనూ వందలాది ఆటగాళ్లు కళాశాలలు మారుతున్నారు. వారితోపాటు అభిమానుల తీర్పులూ వెల్లువెత్తుతున్నాయి. పాత కళాశాల అభిమానులలో కొందరు “పోతే పోనీ, అతనివల్ల ఒరిగిందేమిటి?” అంటారు. కొత్త కళాశాల అభిమానులలో కొందరు “అక్కడ పనికిరానివాడు ఇక్కడ పనికివస్తాడా?” అని సందేహిస్తారు. మరికొందరు అతనిలో లేని గొప్పతనాన్ని కూడా ఊహించి ఆకాశానికి ఎత్తుతారు. ఈ మూడు తీర్పులకూ ఒకే లోపం ఉంది. చూసినది కొంచెం, చెప్పినది చాలా.

ఈ సమస్య నేటిది కాదు. మన ఇతిహాసాలలో ఇటువంటి అంచనాలు రెండు ప్రసిద్ధంగా ఉన్నాయి.

మొదటిది మహాభారతంలోని ఉద్యోగపర్వంలో కనిపిస్తుంది. యుద్ధానికి ముందు దుర్యోధనుడు కోరగా భీష్ముడు ఉభయ సేనలలోని వీరులను రథులుగా, అతిరథులుగా విభజించి చెబుతాడు. ఆ రథాతిరథ సంఖ్యానంలో కర్ణుని వంతు వచ్చినప్పుడు అతడు అర్ధరథుడని తేల్చివేస్తాడు. కర్ణుడు మండిపడతాడు. భీష్ముడు నేలకొరిగేవరకు తాను యుద్ధం చేయనని శపథం పడతాడు. ఆ కారణంగా యుద్ధం మొదలైన పది రోజులూ కౌరవపక్షంలోని మహావీరుడొకడు యుద్ధరంగానికి దూరంగా ఉండిపోయాడు. తరువాత అంపశయ్య మీద ఉన్న భీష్ముడే కర్ణుని పరాక్రమాన్ని కొనియాడి, తాను పరుషంగా మాట్లాడింది అతని గర్వాన్ని అణచడానికేనని చెబుతాడు. అంటే మొదటి తీర్పులో కొలత ఒక్కటే లేదు, కోపమూ ఉద్దేశమూ కలిసి ఉన్నాయి. అంచనా వేసేవాడు ఎంత పెద్దవాడైనా, అతని మాటలో కొలత ఎంత, కోపం ఎంత అని విడదీసి చూడవలసిన అవసరాన్ని ఈ ఘట్టం సూచిస్తున్నది.

రెండవది రామాయణంలోని యుద్ధకాండలో ఉంది. విభీషణుడు అన్నను విడిచి శ్రీరాముని శరణు కోరి వస్తాడు. అతనిని చేర్చుకోవాలా వద్దా అని వానరవీరులు ఆలోచిస్తారు. శత్రువు తమ్ముడు కాబట్టి నమ్మరాదని సుగ్రీవుడు అంటాడు. పరీక్షించి చూడాలని అంగదుడు, చారులను పంపాలని శరభుడు చెబుతారు. రావలసిన చోటు, కాలం ఇవి కావని జాంబవంతుడు శంకిస్తాడు. అతనిని మెల్లగా ప్రశ్నించి తెలుసుకోవాలని మైందుడు సూచిస్తాడు. హనుమంతుడు మాత్రం ఒక్కొక్క వాదాన్నీ తీసుకొని దాని బలాబలాలను పరిశీలిస్తాడు. వచ్చినవాని మాటతీరులోను, ముఖంలోను కపటం కనిపించడం లేదని, రావణుని దోషాన్నీ రాముని గుణాన్నీ ఎరిగి వచ్చినవానికి ఇదే తగిన చోటు, తగిన సమయమని వివరిస్తాడు. ఏ పక్షాన్ని విడిచి వచ్చాడన్నది ఇతరుల కొలబద్ద. వచ్చినవాడు ఎటువంటివాడన్నది హనుమంతుని కొలబద్ద. జట్టు మారిన ఆటగానిని తూచే అభిమానికి ఈ రెండవ కొలబద్దే ఆదర్శం.

ఇక ఆటల చరిత్రలోని ఉదాహరణలను పరిశీలిద్దాం. నెదర్లాండ్స్‌లో పుట్టిన స్వెన్ నేటర్ అమెరికాలోని సైప్రస్ కళాశాల నుంచి లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడ జాన్ వుడెన్ శిక్షకుడు. బిల్ వాల్టన్ ప్రధాన సెంటర్. ఆ జట్టు 1972, 1973 సంవత్సరాలలో ఒక్క పోటీ కూడా ఓడకుండా జాతీయ విజేతగా నిలిచింది. అటువంటి జట్టులో వాల్టన్‌ను తప్పించి నేటర్‌ను ముందు దింపవలసిన అవసరం ఎవరికీ కలుగలేదు. అతడు కళాశాల జీవితంలో ఒక్క పోటీని కూడా మొదటి ఐదుగురిలో ఒకడుగా ఆరంభించలేదు. కాని రోజూ సాధనలో అతడు ఎదుర్కొన్నది ఆనాటి కళాశాల ఆటగాళ్లలో అగ్రగణ్యుడైన వాల్టన్‌నే. ఆ సాధనను చూసిన ప్రేక్షకులు లేరు. 1973లో వృత్తి క్రీడా జట్ల ఎంపికలో మొదటి విడతలోనే అతని పేరు వినవచ్చింది. 1974లో అప్పటి అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌లో ఉత్తమ నూతన క్రీడాకారునిగా గౌరవం పొందాడు. 1980లో ముగిసిన నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ పోటీలలో సగటు రీబౌండ్లలో ప్రథమస్థానం అతనిదే.

అదే సైప్రస్ కళాశాల నుంచి అదే విశ్వవిద్యాలయానికి వెళ్లిన మరొక సెంటర్ మార్క్ ఈటన్. 7 అడుగుల 4 అంగుళాల పొడగరి. అంతకు ముందు మోటారువాహనాల మరమ్మతు పనిలో ఉండేవాడు. విశ్వవిద్యాలయంలో అతడు ఎక్కువకాలం బెంచీకే పరిమితమయ్యాడు. 1982లో యూటా జట్టు నాలుగవ విడతలో అతనిని తీసుకొన్నది. వేగంగా పరుగెత్తలేకపోవడం, ఎక్కువ పాయింట్లు సాధించలేకపోవడం అతని లోపాలు. కాని బుట్ట ముందు నిలిచి బంతిని అడ్డుకోవడంలో అతనికి సాటి లేరు. 1984-85 పోటీలలో ఒక్క సంవత్సరంలో 456 సార్లు ప్రత్యర్థుల బంతిని అడ్డుకొన్నాడు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఉత్తమ రక్షణ క్రీడాకారునిగా 1985లోను, 1989లోను ఎంపికయ్యాడు. అతని లోపాలు విశ్వవిద్యాలయంలో ఎలా ఉన్నాయో యూటాలోనూ అలాగే ఉన్నాయి. కాని అతని బలానికి తగిన పనిని అప్పగించిన జట్టు దొరికింది.

ఈ రెండు ఉదాహరణలను చూసి బెంచీ మీద కూర్చొన్న ప్రతివాడూ మరుగునపడిన మాణిక్యమే అనుకోరాదు. నేటర్, ఈటన్ మనకు గుర్తున్నారంటే అటువంటివారు అరుదు కావడమే కారణం. అవకాశం రానివారిలో నిజంగా శక్తి చాలనివారు కూడా ఉంటారు. కాబట్టి జాలి కూడా కొలబద్ద కాదు. కావలసినది సరియైన కొలత.

ఆ కొలతలో మొదట గమనించవలసినది కాలపరిమితి. ఒక ఆటగాడు 8 నిమిషాలు ఆడి 3 రీబౌండ్లు సాధించాడనుకొందాం. అదే వేగంతో 40 నిమిషాలకు 15 అవుతాయని లెక్కకట్టడం సులభం. కాని మనిషి యంత్రం కాడు. ఎనిమిది నిమిషాలు సర్వశక్తులూ ఒడ్డినవాడు నలభై నిమిషాలూ అలాగే ఒడ్డలేడు. నిమిషాలు పెరిగినకొద్దీ అలసట, ఫౌళ్లు పెరుగుతాయి. ప్రత్యర్థులు అతని పద్ధతిని కనిపెడతారు. అలాగే ఒక్క పోటీలో వరుసగా రెండు తప్పులు చేసినవానికి అసలు నైపుణ్యమే లేదనుకోవడమూ తగదు. చిన్న లెక్క పొగడ్తకూ చాలదు, నిందకూ చాలదు.

రెండవది సందర్భం. గెలుపోటములు తేలిపోయిన తరువాత చివరి మూడు నిమిషాలలో సాధించిన పాయింట్లు వేరు, ప్రధాన సెంటర్ నాలుగు ఫౌళ్లతో కూర్చుండిపోయినప్పుడు ఎదుటి జట్టులోని మేటి ఆటగానిని నిలువరించిన నిమిషాలు వేరు. పట్టికలో రెండూ అంకెలే. విలువలో రెండింటికీ పోలిక లేదు.

మూడవది లెక్కకు అందని పని. తోటివానికి దారి కల్పించడం, ప్రత్యర్థిని దూరంగా నెట్టి తనవారికి రీబౌండు దక్కేటట్లు చేయడం పట్టికలో అతని పేరున కనిపించవు. నాలుగవది కొత్త జట్టు అవసరం. అక్కడ ఖాళీగా ఉన్న స్థానమేమిటో తెలియకుండా వచ్చినవాని విలువను కట్టడం, తాళం చూడకుండా తాళపుచెవిని మెచ్చుకోవడమో, తెగడటమో అవుతుంది.

ఈ నియమాలను మన తెలుగు క్రీడాకారుని విషయంలో అన్వయించి చూద్దాం. బాస్కెట్‌బాల్‌లో సెంటర్ వంటిదే క్రికెట్‌లో వికెట్ కీపర్ స్థానం. జట్టులో ఆ పని చేసేవాడు ఒక్కడే. మిగిలిన బ్యాట్స్‌మన్ ఎవరికైనా అటూ ఇటూ చోటు దొరకవచ్చు గాని, రెండవ వికెట్ కీపర్‌కు మొదటివాడు తప్పుకుంటే తప్ప సాధారణంగా చోటు దొరకదు. విశాఖపట్నానికి చెందిన కోన శ్రీకర్ భరత్ అటువంటి రెండవ స్థానంలో చాలాకాలం నిలిచిన క్రీడాకారుడు. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా మీద ఆంధ్ర జట్టు తరఫున 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో త్రిశతకం సాధించిన మొదటి వికెట్ కీపర్‌గా పేరు పొందాడు. 2019 నవంబరులో బంగ్లాదేశ్‌తో జరిగిన టెస్టుకు వృద్ధిమాన్ సాహాకు ప్రత్యామ్నాయంగా భారతజట్టులోకి పిలుపు వచ్చింది. మైదానంలోకి దిగే అవకాశం మాత్రం రాలేదు.

2021 నవంబరులో కాన్పూరులో న్యూజిలాండ్‌తో టెస్టు జరిగింది. మూడవరోజు ఉదయం సాహాకు మెడ పట్టివేయడంతో భరత్ అతని బదులు వికెట్ల వెనుక నిలిచాడు. ప్రత్యామ్నాయ ఆటగాడు వికెట్ కీపింగ్ చేయడానికి అనుమతించే నిబంధన 2017లోనే వచ్చింది. అప్పటికి న్యూజిలాండ్ ఒక్క వికెట్ కూడా కోల్పోలేదు. బంతి నేలబారుగా వస్తున్న ఆ పిచ్‌పై విల్ యంగ్ బ్యాటుకు తగిలి వచ్చిన బంతిని భరత్ కిందికి వంగి అందుకొన్నాడు. అంపైర్ ఔట్ ఇవ్వకపోతే సమీక్ష కోరవలసిందని నాయకుడు రహానేను ఒప్పించాడు. సమీక్షలో యంగ్ ఔటయ్యాడు. తరువాత రాస్ టేలర్ క్యాచ్‌ను పట్టాడు. 95 పరుగుల మీద ఉన్న టామ్ లేథమ్‌ను స్టంప్ చేశాడు. ఒక ఇన్నింగ్స్‌లో మూడు వికెట్లకు కారకుడైనా, ఆ పోటీలో అతడు అసలు జట్టులోనివాడు కాడు. కాబట్టి ఆ రెండు క్యాచ్‌లు, ఆ స్టంపింగ్ అతని టెస్టు గణాంకాలలోకి చేరలేదు. లెక్కకు అందని పని అంటే ఏమిటో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకడం కష్టం.

ఐ.పి.ఎల్. పోటీలలో అతని ప్రయాణం జట్టు నుంచి జట్టుకు సాగింది. 2021 అక్టోబరు 8న దుబాయిలో బెంగళూరు తరఫున ఢిల్లీ మీద ఆడుతూ, చివరి బంతికి సిక్సర్ కొట్టి గెలిపించాడు. ఆ రోజు అతడు 78 పరుగులతో అజేయంగా నిలిచాడు. మరుసటి సంవత్సరం వేలంలో ఢిల్లీ జట్టు అతనిని 2 కోట్ల రూపాయలకు తీసుకొన్నది. కాని అక్కడ నాయకుడు, వికెట్ కీపర్ రిషభ్ పంతే కావడంతో రెండు పోటీలలో మాత్రమే ఆడాడు. 2023లో గుజరాత్, 2024లో కోల్‌కతా జట్లలో ఉన్నా బరిలోకి దిగే వీలు కలుగలేదు. ఒకప్పుడు చివరి బంతి సిక్సర్‌తో కీర్తించబడినవానిని తరువాతి సంవత్సరాలలో కొందరు మరచిపోయారు. అతని నైపుణ్యం ఒక్క ఏడాదిలో ఆవిరి కాలేదు. అతడు చేరిన చోట ఆ స్థానం ఖాళీగా లేదు.

పంత్ 2022 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో గాయపడిన తరువాత, 2023 ఫిబ్రవరి 9న నాగపూరులో ఆస్ట్రేలియా మీద భరత్ టెస్టు క్రికెట్‌లో అడుగుపెట్టాడు. మొత్తం 7 టెస్టులలో 12 ఇన్నింగ్స్ ఆడి 221 పరుగులు చేశాడు. అత్యధికం 44. సగటు 20.09. ఈ అంకెలను మాత్రమే చూసినవారు అతడు విఫలుడని తేల్చివేశారు. అంకెలు అబద్ధం కావు. కాని వాటి పక్కన సందర్భాన్ని కూడా ఉంచాలి. ఆ ఆస్ట్రేలియా వరుసలో మొదటి మూడు టెస్టులూ స్పిన్ తిరిగే పిచ్‌ల మీద మూడవ రోజునే ముగిశాయి. 2024 జనవరిలో హైదరాబాదులోని ఉప్పల్ మైదానంలో ఇంగ్లండ్ మీద భారత్ 28 పరుగుల తేడాతో ఓడిన టెస్టులో అతడు 41, 28 పరుగులు చేశాడు. చివరి ఇన్నింగ్స్‌లో అశ్విన్‌తో కలిసి 57 పరుగులు జోడించి గెలుపు ఆశను నిలబెట్టాడు.

న్యాయంగా రెండవ వైపు కూడా చూడాలి. సొంత నగరమైన విశాఖపట్నంలో జరిగిన తరువాతి టెస్టులో అతడు 17, 6 పరుగులే చేశాడు. ఆ తరువాత రాజకోటలో స్థానం పొందిన ధ్రువ్ జురెల్, రాంచీ టెస్టులో 90, అజేయంగా 39 పరుగులు చేసి ఉత్తమ ఆటగాడయ్యాడు. కాబట్టి ఎంపిక చేసినవారు అన్యాయం చేశారని అనలేం. వికెట్ల వెనుక నైపుణ్యం నిరూపించుకొన్నాడు, బ్యాటుతో తన స్థానాన్ని పదిలపరచుకోలేకపోయాడు, దొరికిన కాలం తక్కువ. సరియైన అంచనా ఇంతవరకే చెబుతుంది. ఇంతకు మించి పొగిడినా, తెగిడినా అది అభిమానమో, ద్వేషమో అవుతుంది గాని అంచనా కాదు.

ఇక స్వయంగా జట్టు మారేవారి విషయం. కాకినాడలో జన్మించిన గాదె హనుమ విహారి దేశవాళీ క్రికెట్‌ను హైదరాబాదు తరఫున ప్రారంభించాడు. 2016లో ఆంధ్రకు, 2021లో తిరిగి హైదరాబాదుకు, 2022లో మళ్లీ ఆంధ్రకు, 2025లో త్రిపురకు మారాడు. రాష్ట్రసంఘం నిరభ్యంతర పత్రం ఇస్తేనే ఇటువంటి మార్పు సాధ్యం. మారిన ప్రతిసారీ ఒక వైపు స్వాగతం, మరొక వైపు విమర్శ సహజం. కాని 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో తొడకండరం పట్టివేసినా 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచి, అశ్విన్‌తో కలిసి ఓటమిని తప్పించినవాడు కూడా ఇతడే. 2023 ఆరంభంలో మధ్యప్రదేశ్‌తో రంజీ పోటీలో మణికట్టు విరిగినా ఎడమచేతివాటంతో బ్యాటు పట్టి ఆంధ్ర జట్టు కోసం నిలిచినవాడూ ఇతడే. జట్టు మారినంత మాత్రాన నిబద్ధత లేదనే మాటకు ఈ రెండు ఇన్నింగ్స్‌లే సమాధానం. ఉన్నంతకాలం ఉన్న జట్టుకోసం ప్రాణం పెట్టడమే ఆటగాని ధర్మం. జీవితాంతం ఒకే చోట ఉండటం అతడు రాసి ఇచ్చిన బాండు కాదు.

ఈ చర్చ క్రీడలకే పరిమితం కాదు. జహీరాబాదు నుంచి సంగారెడ్డికో, బీదరుకో, హైదరాబాదుకో బదిలీ పత్రం తీసుకొని వెళ్లే విద్యార్థిని గూర్చి కూడా ఇటువంటి తీర్పులే వినిపిస్తాయి. “ఇక్కడ నెగ్గలేక వెళ్లాడు” అంటారు పాత కళాశాలలో. “అక్కడ చాలక వచ్చాడు” అంటారు కొత్త కళాశాలలో. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల పల్లెల నుంచి రోజూ బస్సులో వచ్చి చదివేవానికి ఇంటివద్ద ఎంత సమయం దొరికిందో, ఇంట్లో ఉర్దూయో కన్నడమో మాట్లాడే విద్యార్థి తెలుగులో రాసిన సమాధానం వెనుక ఎంత శ్రమ ఉందో మార్కుల పత్రం చెప్పదు. మార్కులు అబద్ధం కావు. అవి సమగ్రమూ కావు. మారిన విద్యార్థికి కొత్త తరగతిలో మొదటి నెల ఎంతో విలువైనది. తోటివారు అతని మీద ముందే ముద్ర వేస్తే, ఆ ముద్రను చెరుపుకోవడానికే అతని శక్తి ఖర్చవుతుంది. బెంచీ మీది ఆటగాని పరిస్థితి కూడా ఇదే. అతనికి దొరికే నిమిషాలు తక్కువ. వాటిలో కొన్ని మన అపోహలను తొలగించడానికే సరిపోతే, ఆట ఆడటానికి మిగిలేది మరీ తక్కువ.

అందువల్ల మనం చూసినది ఎంతో, ఏ పరిస్థితులలో చూశామో, చూడనిది ఎంత మిగిలి ఉందో ఆలోచించి ఆ తరువాతే నోరు విప్పాలి. అభిమానికి పొగడే హక్కు ఉన్నట్లే విమర్శించే హక్కూ ఉంది. ఆ హక్కుకు గౌరవం దక్కేది కొలత తప్పనప్పుడే.

కఠిన పదాలకు అర్థాలు

సహేతుకంగా = తగిన కారణాలతో
ప్రత్యామ్నాయం = ఒకదానికి బదులుగా ఉండేది
వెసులుబాటు = సడలింపు, సౌకర్యం
సంఖ్యానం = లెక్కించడం
అర్ధరథుడు = పూర్తి రథికునిలో సగం బలం గలవాడు
పరుషంగా = కఠినంగా
చారులు = గూఢచారులు, వేగులవారు
కపటం = మోసం
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
అగ్రగణ్యుడు = మొదట లెక్కింపదగినవాడు
నిబద్ధత = కట్టుబడి ఉండే గుణం
సమగ్రం = అన్ని విధాలా పూర్తి అయినది

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. తక్కువ అవకాశం లభించిన ఆటగానిని అంచనా వేయడంలో గమనించవలసిన నాలుగు అంశాలను ఉదాహరణలతో వివరించండి.
2. కోన శ్రీకర్ భరత్ క్రీడాజీవితాన్ని ఆధారంగా చేసుకొని, గణాంకాల ప్రయోజనాన్నీ పరిమితులనూ చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. భీష్ముడు కర్ణుని గూర్చి చేసిన అంచనా నుంచి ఏమి గ్రహించవచ్చు?
2. విభీషణుని విషయంలో హనుమంతుని దృష్టి ఇతరుల దృష్టికంటె ఎలా భిన్నమైనది?
3. స్వెన్ నేటర్, మార్క్ ఈటన్‌ల జీవితాలలోని పోలికలను తెలపండి.
4. “జాలి కూడా కొలబద్ద కాదు” అని రచయిత ఎందుకు అన్నారు?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బాస్కెట్‌బాల్ ఆటను రూపొందించినది ఎవరు?
2. కాన్పూరు టెస్టులో భరత్ స్టంప్ చేసిన ఆటగాడు ఎవరు?
3. మార్క్ ఈటన్ 1984-85 పోటీలలో ప్రత్యర్థుల బంతిని ఎన్నిసార్లు అడ్డుకొన్నాడు?

IV. భాషాంశాలు
సంధులు :
రథాతిరథులు = రథ + అతిరథులు – సవర్ణదీర్ఘ సంధి
క్రీడాభిమానులు = క్రీడా + అభిమానులు – సవర్ణదీర్ఘ సంధి
లేదనుకోవడం = లేదు + అనుకోవడం – ఉత్వ సంధి

సమాసాలు :
గుణదోషాలు = గుణమును, దోషమును – ద్వంద్వ సమాసం
యుద్ధరంగం = యుద్ధము యొక్క రంగం – షష్ఠీ తత్పురుష సమాసం
మహావీరుడు = గొప్పవాడైన వీరుడు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

V. మీ కళాశాల జట్టులో ఎక్కువగా ఆడే అవకాశం రాని ఒక క్రీడాకారుని ఆటను మూడు పోటీలలో గమనించండి. చూసిన విషయాలను మాత్రమే పేర్కొంటూ ఒక పుటకు మించకుండా అంచనా రాయండి.